జాయింటు ఫోటో: కొంత చరిత్ర, కొంత అనుభవం

మన సంఘం ప్రత్యేక సంచికలో సభ్య దంపతుల ఫోటోలు వేయాలని కార్యవర్గం తీర్మానించిన దగ్గరనుంచి రోజుకు ఒకరిద్దరైనా నన్ను ఆపి సలహా అడుగుతున్నారు. కోటు వేసుకోవాలా, జుట్టుకు రంగు వేయాలా, కళ్ళజోడు తీసేయాలా అని. నేను ఫోటోగ్రాఫర్ని కాను. ట్రెజరీలో పెన్షన్ సీటులో చాలా ఏళ్ళు కూర్చుని, పి.పి.ఓ.ల మీద కొన్ని వందల జాయింటు ఫోటోలు జిగురు పెట్టి అంటించినవాణ్ణి, అంతే. ఆ అర్హతతోనే కార్యదర్శిగారు నాచేత ఈ వ్యాసం రాయిస్తున్నారు.

ఫోటో దిగడానికి తయారుకావడమన్నది ఫోటో పుట్టిన నాటినుంచీ వున్నదే. 1839 ఆగస్టు 19న పారిస్‌లో దగేర్ కనిపెట్టిన పద్ధతిని లోకానికి వెల్లడి చేశారు. ఆ తొలిరోజుల్లో మనిషి ఫోటో కావాలంటే ఎండలో నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. తల కదలకుండా మెడ వెనక ఇనుప ఆసరా బిగించేవారు. పాత ఫోటోల్లో మన తాతలు కోపంగా వున్నట్టు కనిపించడానికి అదొక కారణం. నవ్వుని అంతసేపు పట్టి వుంచడం ఎవరి తరం? 1871లో మాడక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు జెలటిన్ పూసిన పొడి ప్లేట్ల పద్ధతిని ప్రకటించాడు. అది మెరుగుపడ్డాక కదలకుండా కూర్చోవలసిన సమయం బాగా తగ్గింది. కానీ ‘కదలకండి, కళ్ళు ఆర్పకండి’ అన్న మాట మాత్రం స్టూడియోల్లో అలాగే వుండిపోయింది.

మన ప్రాంతంలో ఫోటో అనగానే చెప్పుకోవలసిన పేరు రాజా దీన్ దయాళ్. ఆయనా మన బాపతు మనిషేనని చాలామందికి తెలియదు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఇందోరులో పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటులో ఎస్టిమేట్లు, డ్రాయింగులు వేసే ఉద్యోగం చేశాడు. ఉద్యోగంలో వుండగానే కెమెరా పట్టాడు. తర్వాత సర్కారీ కొలువు వదిలి సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయన్ను ఆస్థాన ఫోటోగ్రాఫరుగా చేసుకుని, ‘ముసవ్విర్ జంగ్’ బిరుదునిచ్చాడు. 1905లో కాలం చేశాడు.

ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది 1892లో హైదరాబాదులో తెరిచిన జనానా స్టూడియో. పరదా పాటించే స్త్రీల కోసం అది ప్రత్యేకం. చుట్టూ ఎత్తైన గోడలు, ఫోటోలు తీసే బాధ్యత ఒక ఆంగ్ల మహిళది, లోపల పని చేసేదీ ఆడవాళ్ళే. ఫోటో దిగాలంటే ముందు ఆడవాళ్ళకు భయం, బిడియం లేకుండా చేయాలని నూట ముప్పై ఏళ్ళ క్రిందటే గ్రహించాడన్నమాట. మా చిన్నతనంలో మా వూరి స్టూడియోవాడికి ఆపాటి ఇంగితం వుంటే మా బామ్మ ఫోటో ఒకటైనా మిగిలేదేమో. ఫోటో దిగితే ఆయుష్షు తీరిపోతుందని ఆవిడ నమ్మకం. తొంభైకి దగ్గరపడి పోయింది, ఒక్క ఫోటో లేకుండా.

సామాన్య కుటుంబాల్లో ఫోటో అంటే పెళ్ళికొకటి, షష్టిపూర్తికొకటి. అందుకే అంత హడావుడి. ముందురోజే మగవాళ్ళకు క్షవరం, బట్టలు చాకలి ఇంటికి. ఆడవాళ్ళు పెట్టెలో మడతపెట్టిన పట్టుచీర తీసేవారు. తీరా స్టూడియోకి వెళితే, ఆ ఎర్రచీర వద్దమ్మా అనేవాడు ఫోటోగ్రాఫరు. అందులో శాస్త్రం వుంది. తొలినాటి ప్లేట్లకు నీలం రంగు మాత్రమే బాగా ఆనేది. నీలం చీర తెల్లగా, ఎరుపూ పసుపూ నల్లగా పడేవి. 1873లో వోగెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్లేటుకు అద్దకపు రంగు కలిపితే ఆకుపచ్చ, పసుపు కూడా పడతాయని కనుగొన్నాడు. దానినుంచి వచ్చిన ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లను మన స్టూడియోలు చాలాకాలం వాడాయి. వాటికీ ఎరుపు మాత్రం ఆనదు. మన అమ్మల నుదుట ఎర్రటి కుంకుమ ఫోటోల్లో కాటుకబొట్టులా నల్లగా వుండేది ఇందుకే. పెదవులు నల్లగా, చర్మం మీది చిన్న ఎరుపు కూడా మచ్చలాగా కనిపించేది.

దాన్ని సరిచేయడానికే రీటచింగ్ అనే విద్య వచ్చింది. ఏటవాలు బల్లకు గరుకు అద్దం, దాని వెనకనుంచి వెలుతురు, దాని మీద నెగెటివు. నెగెటివు మీద ముందుగా టర్పెంటైనులో కరిగించిన జిగురు పలచగా పూసి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముడతల మీద, మచ్చల మీద చుక్కలు పెట్టేవారు. మనిషి మొహం మీద నల్లగా వున్నది నెగెటివులో పారదర్శకంగా వుంటుంది. అక్కడ పెన్సిలు పడితే కాగితం మీద తెల్లబడుతుంది. అరగంటలో అరవై ఏళ్ళ మనిషి నలభై ఏళ్ళవాడయ్యేవాడు. పటం కట్టించుకునేవారికి అంతకన్నా ఏం కావాలి!

ఇక్కడే నా కథ. 1964లో కుటుంబ పెన్షను పథకం వచ్చాక, ఉద్యోగి తదనంతరం భార్యకు పెన్షను చెల్లించవలసి వుంటుంది కనుక ఆమెను గుర్తుపట్టే ఆధారం ఆఫీసుకు కావలసి వచ్చింది. ఆ అవసరానికే దంపతుల జాయింటు ఫోటో, దానితోపాటు పుట్టుమచ్చలు రాసిన వివరాల పట్టిక. చాలామంది ఇల్లాళ్ళకు పెళ్ళి తర్వాత దిగిన ఫోటో అదొక్కటే. 1993లో ఎన్నికల గుర్తింపు కార్డులకు ఉత్తర్వులు వచ్చేదాకా పల్లెటూళ్ళలో పరిస్థితి అదే.

1978లో నేను ఒక సబ్ ట్రెజరీలో పని చేస్తున్నాను. రిటైరైన ఒక హెడ్మాస్టరుగారు పోయారు. ఆయన భార్య అన్నకొడుకుని వెంటబెట్టుకుని కుటుంబ పెన్షనుకు వచ్చింది. పి.పి.ఓ. మీద తొమ్మిదేళ్ళ నాటి ఫోటో. అందులో నుదుట పెద్ద బొట్టు, తలలో పూలు, ముక్కున బేసరి, నిండైన నున్నటి మొహం. నా ఎదుట నిలబడ్డ ఆవిడకు అవేవీ లేవు. మనిషి సగమైంది. వివరాల పట్టికలో ‘కుడి చెంపపై కందిగింజంత పుట్టుమచ్చ’ అని వుంది. మచ్చ ఆవిడ చెంప మీద వుంది, ఫోటోలో లేదు. నేను నిబంధన ప్రకారం ‘ఫోటోతో గుర్తింపు సరిపోలేదు’ అని అబ్జెక్షన్ రాశాను. అప్పట్లో అది గట్టి పని అనుకున్నాను కూడా.

కాగితాలు పైకి వెళ్ళాయి, కిందికి వచ్చాయి. ఐదు నెలలు గడిచాయి. ప్రతి నెలా ఆవిడ బస్సు దిగి వచ్చి వరండాలో స్తంభం పక్కన కూర్చునేది. ఒకరోజు నేను భోజనానికి లేస్తుంటే, “ఆ ఫోటోలో వున్నది నేనే నాయనా, మచ్చ ఆ ఫోటో తీసినాయన మింగేశాడు” అంది. కోపంగా కాదు, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు అంది. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

ఆదివారంనాడు ఆవిడ అన్నకొడుకుతో కలిసి ఆ స్టూడియోకి వెళ్ళాను. ముసలాయన. విషయం చెబితే నవ్వి, “ఆడవాళ్ళ మొహాన మచ్చ వుంచితే ఇంటికెళ్ళాక నన్ను తిట్టుకుంటారండీ” అన్నాడు. కానీ మనిషి మంచి పద్ధతిగలవాడు. ఫోటో వెనక నంబరు చూసి, అటకమీది అట్టపెట్టెల్లోంచి ఆ గాజు ప్లేటు వెతికి తీశాడు. దూదిని టర్పెంటైనులో ముంచి మెల్లిగా తుడిచాడు. పెన్సిలు గీతలన్నీ దూదికి అంటుకుని వచ్చాయి. ప్లేటు కిటికీకి ఎదురుగా పట్టి చూపించాడు. నల్లటి చెంపలో కందిగింజంత వెలుతురు. ముడతలూ వచ్చాయి, కళ్ళకింద గుంటలూ వచ్చాయి. అక్కడికక్కడే కొత్త ప్రింటు వేసి ఇచ్చాడు, డబ్బు పుచ్చుకోలేదు.

పాత ప్రింటు, కొత్త ప్రింటు, ఫోటోగ్రాఫరు రాసిచ్చిన కాగితం జతపరిచి మా ఎస్.టి.ఓ.గారి ముందు పెట్టాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, పాస్ చేశారు. బకాయిలతో సహా చెల్లించిన రోజున ఆవిడ కొత్త ప్రింటు మరొకటి కావాలని అడిగింది. “అందులో ఆయన కూడా మా ఇంట్లో మసలినట్టే వున్నారు” అంది. నిజమే, హెడ్మాస్టరుగారి మొహం కూడా తుడిచామని మాకెవరికీ తట్టలేదు.

కనుక నన్ను అడిగిన మిత్రులకు నా సమాధానం ఇది. రోజూ కట్టే బట్టల్లో శుభ్రమైనవి కట్టుకోండి. రోజూ కళ్ళజోడు పెట్టుకునేవారు పెట్టుకునే దిగండి. ఇప్పుడు పెన్సిలు బదులు కంప్యూటరు, సెల్‌ఫోను ఆ పని చేస్తున్నాయి, అడక్కుండానే మొహం నునుపు చేస్తున్నాయి. ఆ సౌకర్యం తీసేయమని చెప్పండి. ఇంట్లో పాత ఫోటోలుంటే వెనకవైపు మెత్తని పెన్సిలుతో పేర్లు, సంవత్సరం రాసి పెట్టండి. సిరా వద్దు, ముందుకు ఊరుతుంది. ఆ పేర్లు తెలిసినవాళ్ళం ఇంక మనమే.

1998లో నేను రిటైరైనప్పుడు మా జాయింటు ఫోటోకి వెళ్ళి, ఏమీ దిద్దవద్దని ముందే చెప్పాను. మా ఆవిడ ఇంటికొచ్చి ఆ ఫోటో చూసుకుని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

2021 నవంబరులో కేంద్ర ప్రభుత్వం సెల్‌ఫోనులో మొహం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి తెచ్చింది కదా, ఇప్పుడు ప్రతి ఏడూ మా మనవడు ఆ ఫోను నా మొహం ముందు పెడుతున్నాడు. మొదటిసారి అలవాటుకొద్దీ కాలరు సర్దుకుని, ఊపిరి బిగబట్టి, కన్నార్పకుండా కూర్చున్నాను. ఎంతసేపటికీ అది ఒప్పుకోలేదు. “తాతయ్యా, బతికున్నట్టు దానికి తెలియాలంటే కళ్ళు ఆర్పాలి” అన్నాడు వాడు. పక్కన మా ఆవిడ చీరకొంగు సర్దుకుంటూ తన వంతు కూడా వుందేమోనని చూస్తోంది.