వీలునామా లేని వంశం

విజయనగరం మహారాజు ఆనందగజపతి 1897లో పిల్లల్లేకుండా పోయాడు. ఎస్టేటు ఎవరిదంటూ ఏళ్ల తరబడి దావా నడిచింది. ఆ దావా పనులు గురజాడ అప్పారావు కూడా చూశాడు. దత్తత కాయితాలు కోర్టుకెక్కాయి. అందుకే పూసపాటి వాళ్ల వంశవృక్షం ఎవరైనా గీయగలరు. ఆస్తి ఉన్నోడి చావు కూడా కాయితమౌతుంది.

అప్పుడు మా నక్కపల్లి మాలపేటలో మా తాతకి తాత బతికే ఉండాలి. ఆయన పేరేమిటని మామ్మనడిగాను.

"మనకేటుందిరా గుంటడా, పేరు రాసుకోడానికి? ఎవులి కళ్లంలో చేసేడో చెప్పమంటే చెప్తాను" అంది.

1802లో శాశ్వత శిస్తు వచ్చి ఇక్కడి భూముల్ని జమీందార్ల పేర రాసింది. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. పట్టా రైతుకన్నారు. రైతంటే కాయితంలో ఉన్నోడు. అరక పట్టిన మా తాత కంబారి, అంటే జీతగాడు. ఆయనకి పట్టా లేదు.

మా ఇంటి మొదటి కాయితం నా బడి రిజిష్టరు. అందులో మా అయ్య వేలిముద్ర ఉంది. నా పుట్టినతేదీ మేష్టారు ఊహించి వేసిందే.

ఇప్పుడు అలాంటి రిజిష్టరు నా చేతిలో ఉంది. బడిలో చేర్చడానికొచ్చిన తల్లుల్ని తాత పేరు, ముత్తాత పేరు అడిగి వేరే నోటుబుక్కులో రాస్తున్నాను. పేరు తెలీదంటే, ఎవరి కళ్లంలో చేశాడో రాస్తున్నాను.