కంభము చెరువు చూడబోవు ముందు

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మనవారు ఆంధ్రదేశమునకు వచ్చినపుడు తిరుపతియు, శ్రీశైలమును దర్శించి తిరిగిపోవుట వాడుక. ఈమారు ప్రయాణమునకు మరి రెండు దినములు చేర్చుకొని కంభము చెరువును గూడ చూచి రావలసినదని నా మనవి. నల్లమల కొండల చెంతనున్న చిన్న పట్టణము కంభము. పరభాషా ప్రాంతములలో కాపురమున్న మనము ప్రత్యేకముగా తలంచుకొనవలసిన సంగతి యొకటి ఆ చెరువు కథలో గలదు.

మార్గము కష్టమైనది కాదు. గుంటూరు–నంద్యాల రైలు మార్గములో కంభము ఒక స్టేషను. బెంగుళూరు, బళ్ళారి వైపులనుండి వచ్చువారు గుంతకల్లు, నంద్యాలల మీదుగా నల్లమల దాటి అచట దిగవచ్చును. బరంపురము, యానాము వైపులనుండి వచ్చువారికి విజయవాడ, గుంటూరుల మీదుగా దారి. అయితే కాలము నెంచుకొనుట ముఖ్యము. ఇది వానలపై నాధారపడిన చెరువు. వానలు తప్పిన యేట నీటికి బదులు బీటలు వారిన నేల కనబడును. కావున ఆ యేటి వానల సంగతి ముందుగా విచారించి, కార్తీకమునకును పుష్యమునకును నడుమ బయలుదేరుట మేలు.

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభము సమీపమున రెండు కొండల నడిమి సందుగుండా వెలువడును. పూర్వులు ఆ సందునకే అడ్డముగా కట్ట వేసిరి. కొండలే రెండు ప్రక్కల గోడలైనందున కట్ట చిన్నదైనను నిలిచిన నీరు విశాలమైనది. కట్ట యెత్తు 57 అడుగులనియు, నీరు వచ్చి చేరు ప్రదేశము 430 చదరపు మైళ్ళనియు, పారుదల భూమి సుమారు 10,300 ఎకరములనియు ఇంపీరియల్ గెజెటీరు తెలుపుచున్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీనిని వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తించినది. ఇది పూర్వము కర్నూలు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినపుడు అందులో చేరినది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పేరు పెట్టిరి.

ఇక దీనిని కట్టించిన దెవరు? శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని జయించి, 1516 నాటికి సింహాచలము చేరెను. పిదప సంధి కుదిరినది. కృష్ణకు ఉత్తరమునగల భూములు గజపతికి తిరిగి చెందెను. ప్రతాపరుద్ర గజపతి కుమార్తె రాయలకు భార్య యయ్యెను. ఆమె పేరు వరదరాజమ్మ యని కొందరు, తుక్కాదేవి యని కొందరు, జగన్మోహిని యని మరికొందరు చెప్పుదురు. రాయల ఆదరణకు దూరమై ఆమె కంభములో నివసించెననియు, ఈ చెరువు కట్టించెననియు ఐతిహ్యము. తుక్కాపంచకమను ఐదు సంస్కృత శ్లోకములును ఆమెవే యందురు. ఐతిహ్యమును శాసనముతో సమానముగా గ్రహింపరాదు. అయినను జనులు ఇన్ని తరములుగా ఒక చెరువును ఒక పరదేశపు ఆడుబిడ్డ పేర తలంచుచుండుట సామాన్య విషయము కాదు.

కంభమునకు దక్షిణముగా కడప సీమలో పోరుమామిళ్ళ చెరువున్నది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన ఆ చెరువునకు 1369 నాటి శాసనము గలదు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టినవని అందున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, తప్పింపవలసిన ఆరు దోషములను గూడ అది వివరించును. నదికి తగిలియున్న కొండ, వాని నడుమ దిట్టమైన రాతి కట్ట సాధనములలోనివి. రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట దోషములలో నొకటి. వీలున్నవారు ఈ శాసనమును మొదట చూచి, తరువాత కంభము పోయిన యెడల కొండల నడుమ కట్ట యేల వేసిరో కంటికి స్పష్టమగును.

రెండు రాజ్యముల నడుమ చెరువుండరాదని పెద్దలు వ్రాసిరి. కాని మనుష్యులకు ఆ స్థితి తప్పినది కాదు. ఐతిహ్యమే నిజమైనచో, రెండు రాజ్యముల పోరు తీర్చుటకై పుట్టినింటిని విడిచి వచ్చిన స్త్రీ, తన భాష మాటాడని పల్లెల పొలములకు నీరిచ్చినది. సప్తసంతానములలో తటాక మొకటి యని మనవారందురు. ఆ సంతానము తల్లి దే దేశమని అడుగదు. ఎవరి పొలము పల్లమున నున్నదో అటు పారును.

మనమును ఇతర భాషల నడుమ ఇండ్లు కట్టుకొన్నవారము. మన భాషను నిలుపుకొనవలెనని సభలు జరుపుకొనుచున్నాము, అది అవసరమే. కాని నిలిచియున్న ఊరికి మన మేమి యిచ్చితిమను ప్రశ్న అంతకంటె చిన్నది కాదు. కంభము కట్టపై నిలిచి, ఒకవైపు కొండలను, నీటిని, మరొకవైపు పచ్చని మళ్ళను చూచునపుడు ఆ ప్రశ్నను మన పిల్లలతో కలిసి తలపోయుదము. ప్రయాణము సార్థకమగుటకు అంతకంటె వేరేమి కావలెను?