నీలితెర రాసిపెడుతుంది, ఫార్మాట్ చెరిపేస్తుంది

2024 జులై 19 శుక్రవారం నాడు ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఒక్కసారిగా నీలితెర వేసి కూర్చున్నాయి.  అప్పట్లో శంషాబాద్ విమానాశ్రయం వార్తల్లోకెక్కింది. హనుమకొండలోనో కాజీపేటలోనో ఇంట్లో వాడుకునే డెస్క్‌టాప్ వారానికి రెండుసార్లు అదే నీలితెర చూపిస్తే మాత్రం అది వార్త కాదు, ‘ఫార్మాట్ కొట్టిద్దాం’ అనే నిర్ణయంతో ముగిసే ఇంటి విషయం. నిజానికి ఆ తెర జబ్బు కాదు, జబ్బు గురించి యంత్రం రాసిచ్చే వాంగ్మూలం. వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనాన్ని అక్షరమక్షరం చదివి కాకతీయుల స్వాతంత్ర్య ప్రకటనను నిర్ధారించుకున్న ఊరు మనది. అదే ఊళ్లో ఈ నీలి శాసనాన్ని చదవకుండానే చెరిపేస్తున్నాం.

దీని పూర్వచరిత్ర చిన్నదే. విండోస్ 3.1లో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కితే వచ్చే నీలితెర మాటలు రాసింది స్టీవ్ బామర్. అయితే అది యంత్రం ఆగిపోయిందని చెప్పే చావు తెర కాదు, సతాయిస్తున్న ప్రోగ్రామును మూసేయమంటారా అని అడిగే తెర. అసలుది 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది, రాసినవాడు జాన్ వెర్ట్. ఆయన వాడుతున్న మిప్స్ యంత్రం బూట్ తెర, కోడ్ రాసుకునే స్లిక్‌ఎడిట్ రెండూ నీలం మీద తెల్ల అక్షరాలే కనుక ఆ రంగే ఖాయమైంది. 1998 ఏప్రిల్‌లో కామ్‌డెక్స్ ప్రదర్శనలో వేదిక మీద బిల్ గేట్స్ ఉండగానే స్కానర్ తగిలించిన విండోస్ 98 నీలితెర వేసింది, సభ గొల్లుమంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం తెరిచింది. తర్వాత ఇళ్లలోకి విండోస్ ఎక్స్‌పీ వచ్చింది, దాంతో పాటే పైరేటెడ్ సీడీలు వచ్చాయి, ఫార్మాట్ ఒక వృత్తిగా స్థిరపడింది. 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ పత్రంలో ఒక అంకె ఉదహరించారు: ఎక్స్‌పీలో నమోదైన వైఫల్యాల్లో 85 శాతానికి కారణం డ్రైవర్లు. అంటే గ్రాఫిక్స్ కార్డు, ప్రింటరు, నెట్‌వర్క్ చిప్ వంటివాటిని నడిపించే, చాలావరకు బయటి కంపెనీలు రాసే ప్రోగ్రాములు. అవి కెర్నెల్‌లో, అంటే విండోస్ గర్భగుడిలో, కూర్చుంటాయి. అక్కడ తప్పు జరిగిందని తెలిసీ పని కొనసాగిస్తే డిస్కులోని ఫైళ్లు పాడయ్యే ప్రమాదముంది. అందుకే విండోస్ కావాలనే ఆగిపోతుంది.

ఈ సంగతి అందరికీ కనబడేలా రుజువు చేసింది ఆ జులై శుక్రవారమే, అందుకే దాని మీద కాస్త ఎక్కువసేపు నిలవాలి. మన టైము ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన ఫాల్కన్ సాఫ్ట్‌వేర్‌కు ‘చానల్ ఫైల్ 291’ అనే చిన్న అప్‌డేట్ పంపింది. అందులోని నియమాలు 21 విలువలు అడుగుతున్నాయి, వాటిని చదివే ప్రోగ్రాముకు అందుతున్నవి 20. లేని ఇరవై ఒకటో విలువ కోసం అది తనది కాని మెమరీలోకి చెయ్యి పెట్టింది, విండోస్ ఆగిపోయింది. 10:57కి ఫైలును వెనక్కి తీసుకున్నారు. డెబ్బై ఎనిమిది నిమిషాలే! కానీ ఈలోపు ఫైలు అందుకున్న యంత్రాలు రీస్టార్ట్ కావడం, అదే డ్రైవర్ లోడ్ కావడం, మళ్లీ నీలితెర, మళ్లీ రీస్టార్ట్. ఇంటర్నెట్‌కు చేరేలోపే కుప్పకూలే యంత్రానికి దిద్దుబాటు పంపేదెలా? శంషాబాద్‌లో ఇండిగో సిబ్బంది బోర్డింగ్ పాసులను పెన్నుతో రాసిచ్చారు. పేరు, ఫ్లైట్ నంబరు, సీటు చేత్తో నింపిన హైదరాబాద్–కోల్‌కతా పాసు ఫొటో దేశమంతా తిరిగింది. మైక్రోసాఫ్ట్ అధిపతి హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల, పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు, బాల్‌పెన్ను పట్టింది శంషాబాద్ కౌంటరు. మనవాళ్లు ఇన్ని చివర్లలో ఉన్న ప్రపంచ విపత్తు మరొకటి దొరకడం కష్టం. ఇంతకూ నయం చేసింది ఏమిటి? ఫార్మాట్ కాదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డ్రైవర్స్ ఫోల్డరులోని క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డరు తెరిచి, 291 నంబరున్న ఆ ఫైలును తీసేయడం. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న యంత్రానికైతే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. క్రాష్ డంపు, అంటే ఆగిపోయేటప్పుడు యంత్రం దాచిపెట్టే నమోదు, చదివినవాళ్లు డ్రైవర్ పేరు పట్టుకున్నారు కాబట్టే, లక్షల యంత్రాల్లో సమాచారం చెక్కుచెదరకుండా మిగిలింది.

పెద్ద కంపెనీల సంగతి వేరు, చిన్న షాపులో డంపు చదువుతూ కూర్చుంటే గిట్టుబాటు కాదు అంటారు. ఆ మాటలో నిజముంది. ఫార్మాట్‌కు ఒక రేటుంది, వెతుకులాటకు లేదు. కస్టమరుకు సాయంత్రానికల్లా సిస్టమ్ చేతికి కావాలి. పైగా పాడైన డ్రైవరే కారణమైతే ఫార్మాట్‌తో కొన్నాళ్లు బాగవుతుంది కూడా. కానీ అదే డ్రైవర్ అప్‌డేట్‌తో మళ్లీ వచ్చి చేరితే కథ మొదటికొస్తుంది. లోపం ర్యామ్‌లోనో ఎస్‌ఎంపీఎస్‌లోనో ఉంటే ఎన్ని ఫార్మాట్లు కొట్టినా దండగే. డంపు కొన్నిసార్లు అమాయకుడి పేరు చెబుతుందన్నది ఇంకో అభ్యంతరం. అదీ నిజమే, చెడిన ర్యామ్ ఎవరి చేతిలో పేలితే వాడే దోషిగా కనిపిస్తాడు. అందుకే ఒక్క తెర చాలదు, నాలుగైదు పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రతిసారీ అదే స్టాప్ కోడ్ (తెర మీద కనిపించే తప్పు పేరు), అదే ఫైలు పేరు వస్తే డ్రైవర్‌ను అనుమానించాలి. ఒకసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’, మరోసారి ‘ఐఆర్‌క్యూఎల్’, ఇంకోసారి మరేదో వస్తుంటే ర్యామ్ తీసి, శుభ్రం చేసి, ఒక్కో స్టిక్‌తో విడివిడిగా మెమరీ పరీక్ష పెట్టాలి. ‘వీయా అన్‌కరెక్టబుల్ ఎర్రర్’ అయితే చూపు ముందుగా హార్డ్‌వేర్ వైపు తిప్పాలి. ఓరుగల్లు మే నెల ఎండలో దుమ్ము పట్టిన ప్రాసెసర్ ఫ్యాను కూడా అనుమానితుల జాబితాలో ఉండాల్సిందే.

తప్పంతా బయటివాళ్లను కెర్నెల్‌లోకి రానిచ్చిన మైక్రోసాఫ్ట్‌దే అనే వాదన కూడా ఉంది. భద్రతా కంపెనీలకు తమతో సమానమైన ప్రవేశం ఇస్తామని 2009లో ఐరోపా కమిషన్‌తో కుదిరిన అవగాహనను మైక్రోసాఫ్ట్ జవాబుగా చూపించింది. జవాబు పూర్తిగా నమ్మదగ్గదా అన్నది వేరే చర్చ. గర్భగుడిలోకి ఎందరిని అనుమతిస్తే అన్ని తప్పులకు చోటన్నది మాత్రం కాదనలేం.

ఇక మళ్లీ తెర చరిత్రకొద్దాం. విండోస్ 8 నీలితెర మీద అంకెల స్థానంలో ఏడుపు మొహం పెట్టింది, 2016లో క్యూఆర్ కోడ్ చేరింది, 2025లో విండోస్ 11 నీలాన్నే వదిలేసి నల్లబడింది. స్టాప్ కోడ్, డ్రైవర్ పేరు మళ్లీ స్పష్టంగా కనిపించడం ఒక్కటే ఇందులో సంతోషించదగ్గ మార్పు. బూట్ కాని యంత్రానికి దూరం నుంచే దిద్దుబాటు పంపే ఏర్పాటూ మొదలైంది. మరోవైపు 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. అయినా పాత డెస్క్‌టాప్‌లు ఇళ్లలో, మీసేవ కేంద్రాల్లో, జిరాక్స్ షాపుల్లో నడుస్తూనే ఉన్నాయి.

కాబట్టి మీ సిస్టమ్ పదేపదే క్రాష్ అవుతుంటే ముందు రెండు పనులు చేయండి. స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగుల్లో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేయండి, తెర చదివే వీలుంటుంది, ఫోనుతో ఫొటో తీయండి. సి డ్రైవ్ విండోస్ ఫోల్డరులోని మినీడంప్ ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. రెండూ తీసుకుని షాపుకెళ్లి, ‘అన్నా, ముందు ఇది చూడు, ఫార్మాట్ సంగతి తర్వాత’ అని అడగండి. చూసినందుకు విడిగా డబ్బులడిగితే బేరమాడకుండా ఇవ్వండి.