పంటి మీది గోధుమ మచ్చ

శ్రీ సత్యసాయి జిల్లా ఆమడగూరు చుట్టుపట్ల పల్లెలకు చెరువు నిండిన యేడు పండుగ వంటిది. అనంతపురపు మెట్టసీమలో సాలీనా కురియు వాన సుమారు 55 సెంటీమీటర్లే. చెరువు అడుగంటినప్పుడు జనులు బావికి పోయిరి. బావి యెండినప్పుడు బోరు వేసిరి. రాతి పొరలలో చిరకాలము నిలిచియున్న ఆ లోతు నీటితో పాటు, ఈ సీమలో పెక్కుచోట్ల, ఫ్లోరైడు కూడ పైకి వచ్చినది. దాని తొలి సాక్ష్యము పిల్లల పండ్ల మీద కనబడును. మొదట సుద్దవంటి తెల్లని చారలు, మోతాదు హెచ్చినచో గోధుమ రంగు మచ్చలు.

ఈ మచ్చల కథ మన దేశమున మొదలు కాలేదు. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమునకు వచ్చిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే, అక్కడి వారి పండ్లు మచ్చలు పడియుండుట చూచి, కారణమును వెదకుచు మూడు దశాబ్దములు గడపెను. నీటియందే దోషమున్నదని అతడు అనుమానించెను గాని, ఆ దోషమేమో తేలలేదు. 1931లో ఒక అల్యూమినియము సంస్థకు చెందిన రసాయనవేత్త చర్చిల్ అది ఫ్లోరైడని తేల్చెను. ఆరేండ్లు గడువకమునుపే, 1937లో, షార్ట్ మున్నగు వైద్యులు మన మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు ఈ వ్యాధిని వర్ణించిరి. అచ్చట పండ్లు మాత్రమే కాదు, వెన్నెముకలు సైతము బిగుసుకొనిపోయిన రైతులను వారు చూచిరి.

ఇంతలో మెకే గమనించిన మరొక విశేషము లోకమునకు ఉపకరించినది. మచ్చలు పడిన పండ్లు అంతగా పుచ్చుట లేదు! ట్రెండ్లీ డీన్ అను వైద్యుడు 21 నగరములలో 12 నుండి 14 యేండ్ల పిల్లలను ఏడువేల మందికి పైగా పరీక్షింపజేసి, 1942లో ఫలితములు ప్రకటించెను. లీటరు నీటిలో సుమారు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు ఉన్నచోట పుచ్చు తగ్గినది, మచ్చలు దాదాపు లేవు. 1945 జనవరిలో గ్రాండ్ రాపిడ్స్ నగరము ఆ మేరకు ఫ్లోరైడును తన నీటిలో కలుపసాగెను. అక్కడ కలుపుకొనవలసి వచ్చినదానిని ఇక్కడ తీసివేయవలసి వచ్చుట విధి వైపరీత్యము కాక మరేమి? మన ప్రమాణముల ప్రకారము 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగుటకు తగదు.

మన పల్లెలలో పదునాలుగేండ్ల బాలిక నోటికి చేయి అడ్డము పెట్టుకొని నవ్వుట మనమెరుగుదుము. "పండ్లు తోముకోవా?" అని యెవరో ఒకరు అడుగకపోరు. ఆ ప్రశ్న అన్యాయము. శాశ్వత దంతము చిగురు లోపల రూపొందుచున్న కాలముననే, అనగా సుమారు ఎనిమిదేండ్ల లోపున, ఆ మచ్చ పడినది. వేపపుల్ల గాని, ఉప్పు గాని, బొగ్గుపొడి గాని దానిని చెరుపలేవు. గట్టిగా రుద్దినచో పింగాణి అరిగి చిగురు చెడును.

అట్లని తోముట మానరాదు. మచ్చలు తీవ్రమైన పంటి పింగాణి పెళుసెక్కి పెచ్చులూడును. అక్కడ పుచ్చు పట్టుట సులభము. పుచ్చునకు మూలము తీపిని ఆమ్లముగా మార్చు సూక్ష్మజీవులు. నాడు తీపి పండుగకే వచ్చెడిది. నేడు అది బడి ముందరి అంగడిలో ప్రతిదినము దొరకుచున్నది. చిగుళ్ళ జబ్బును ఫ్లోరైడు ఆపజాలదు. యౌవనారంభమున దేహములో కలుగు మార్పుల వలన కొద్దిపాటి పాచికే చిగుళ్ళు వాచి రక్తము కారును. రక్తము చూచి తోముట మానుకొను పిల్లలే యెక్కువ. మానినకొలది పాచి పెరుగును.

నీటి సంగతి పిల్లల చేతిలో లేదు. నాగపూరు పరిశోధకులు రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపుదురు. అనంతపురము జిల్లాలో 1990లలో సత్యసాయి సంస్థ ఏడువందలకు పైగా గ్రామములకు నీరందించినది. అయినను కుళాయి రాని దినమున ఇల్లాలు మరల బోరు వద్దకే బిందె పట్టుకొని పోవును. ఆ నీటిని కాచి ఇచ్చిన మేలని తల్లులు తలంతురు. కాచుట వలన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొలది అది మరింత చిక్కనగును.