మాల్వర్న్ కౌన్సిల్ వేసిన పట్టాలు

మెల్‌బోర్న్‌ నగరానికి ఆగ్నేయాన ఉన్న మాల్వర్న్ శివారుకు కరెంటు ట్రామ్ తెచ్చింది రాష్ట్ర ప్రభుత్వం కాదు, ప్రైవేటు కంపెనీ కూడా కాదు. రోడ్లూ మురుగుకాల్వలూ చూసుకునే ఊరి కౌన్సిలే పూనుకుని తెచ్చింది.

1885 నుంచి మెల్‌బోర్న్‌లో కేబుల్ ట్రామ్‌లు నడిచేవి. రోడ్డు కింద ఆగకుండా కదిలే ఉక్కుతాడును పట్టుకుని బండి ముందుకు సాగేది. అవి నడిపే ప్రైవేటు కంపెనీ లీజు 1916లో ముగియాల్సి ఉంది. అందుకే పొరుగున ఉన్న ప్రరాన్ దాకా వచ్చిన ఆ ట్రామ్, కొత్తగా ఇళ్లు లేస్తున్న మాల్వర్న్ వైపు రాలేదు. దాంతో ప్రరాన్, మాల్వర్న్ కౌన్సిళ్లు చేతులు కలిపాయి. 1907లో చట్టం చేయించుకుని ఉమ్మడి ట్రామ్‌వే ట్రస్టు పెట్టుకున్నాయి. 1910 మే 30న బళ్లు కదిలాయి. హై స్ట్రీట్ వెంట ఒకటి, గ్లెన్‌ఫెర్రీ రోడ్డు మీదుగా వాటిల్‌ట్రీ రోడ్డు వెంట మరొకటి, ఇవే తొలి దారులు.

ఈ కథకు కేంద్రం అలెగ్జాండర్ కామెరాన్. మాల్వర్న్ కౌన్సిలర్‌గా ఉంటూ ట్రస్టు అధ్యక్షుడయ్యాడు. చిన్న ఊరి సంస్థకు ఇంత పని ఎందుకని ఆయన వెనుదీయలేదు. సెయింట్ కిల్డా, కాల్‌ఫీల్డ్, హాథార్న్, క్యూ, కేంబర్‌వెల్ కౌన్సిళ్లు కూడా వచ్చి చేరాయి. చూస్తుండగానే అది నగరంలోని పురపాలక ట్రామ్ ట్రస్టుల్లో అన్నిటికంటే పెద్దదైంది. 1920లో ట్రస్టులన్నీ ఒకే మహానగర బోర్డులో కలిసినప్పుడు, అప్పటికే ఆ బోర్డు తొలి అధ్యక్షుడిగా కూర్చున్నది కామెరానే. మాల్వర్న్‌లో నేర్చిన పని మెల్‌బోర్న్ మొత్తానికి అక్కరకొచ్చిందన్న మాట.

ఆ రోజుల్లో వేసిన దారి ఎంత గట్టిగా నిలిచిపోయిందో కూయాంగ్ దగ్గర తెలుస్తుంది. అక్కడ ట్రామ్ పట్టాలూ రైలు పట్టాలూ నేల మీదే అడ్డంగా కోసుకుంటాయి. తలపై తీగలో ట్రామ్‌కు 600 వోల్టులు, రైలుకు 1500 వోల్టులు కావాలి. ఏది దాటుతుంటే దానికి తగిన విద్యుత్తు అందేలా మార్చే ఏర్పాటు ఉంది. ఇలాంటి చోటు గార్డినర్‌లో 2016లో, గ్లెన్‌హంట్లీలో 2023లో పోయింది. కూయాంగ్‌లో మాత్రం ఇంకా ఉంది.

ఇక్కడ మనకు మద్రాసు గుర్తుకు రాక తప్పదు. 1895లోనే కరెంటు ట్రామ్ నడిచిన నగరం అది. తెలుగువాళ్లు ఎంతమందో ఎక్కి తిరిగారు. అది నడిపిన కంపెనీ నష్టాల్లో పడి 1953లో బళ్లు ఆపేసింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది కూడా అదే ఏడాది. సిడ్నీ కూడా 1961లో తన ట్రామ్‌లను తీసేసింది. మెల్‌బోర్న్ నిలబెట్టుకోవడానికి కారణాలు చాలా ఉన్నాయి: వెడల్పాటి వీధులు, 1949 నుంచి 1970 దాకా బోర్డు అధ్యక్షుడిగా ట్రామ్‌లను గట్టిగా వెనకేసుకొచ్చిన రాబర్ట్ రిస్సన్ పాత్ర వంటివి. నా దృష్టిలో శివారు ప్రజలు తమ పన్నుల బలంతో ట్రామ్ తెచ్చుకున్న చరిత్ర కూడా అందులో ఒకటి. తమదనుకున్న దాన్ని జనం తేలిగ్గా వదులుకోరు.

1856లో రోడ్డు జిల్లాగా పుట్టి, 1911లో సిటీ హోదా పొందిన మాల్వర్న్ కౌన్సిల్ 1994లో ముగిసిపోయింది. విక్టోరియా ప్రభుత్వం 210 కౌన్సిళ్లను 78కి తగ్గించిన ఊపులో, పాత భాగస్వామి ప్రరాన్‌తో కలిసి అది స్టానింగ్టన్‌గా మారింది. పేరు పోయినా డిపో పోలేదు. కోల్డ్‌బ్లో రోడ్డులో 1910 నాటి ఆ డిపో నుంచి నేటికీ బళ్లు బయలుదేరుతున్నాయి. ట్రస్టు హాథార్న్‌లో కట్టిన డిపో ఇప్పుడు ట్రామ్ మ్యూజియం. మెల్‌బోర్న్‌లోని తెలుగువాళ్లు 6వ నంబరు ట్రామ్ ఎక్కి హై స్ట్రీట్ వెంట వెళితే, ఆ తొలి దారిలోనే ప్రయాణిస్తారు.