తీరిన తగవును తిరుగదోడవచ్చునా?

తగవు తీర్చుట కష్టము. తీరిన తగవును తిరుగదోడకుండ నిలుపుట అంతకంటె కష్టము. రచ్చబండ మీద కూర్చుండి తీర్పు చెప్పిన పెద్దలకు ఈ మాట నేను చెప్పనక్కరలేదు. గట్టు తగవులో ఓడిన రైతును నలుగురును మందలింపగలరు. ఓడినది ప్రభుత్వమే యైనచో మందలించు వారెవరు? ఈ ప్రశ్నకు అమెరికాలో 1926వ సంవత్సరమున ఒక అప్పీలు కోర్టు చెప్పిన సమాధానమును నేడు మీకు మనవి చేయుదును.

ఆ దేశపు సమాఖ్య న్యాయస్థానములు మూడంతస్తులుగా నున్నవి. క్రింద జిల్లా కోర్టులు, పైన సుప్రీంకోర్టు, నడుమ అప్పీలు కోర్టులు. ఈ నడిమి కోర్టులను 1891 నాటి చట్టము నెలకొల్పినది. అప్పుడవి 9, నేడు 13. సాధారణముగా ముగ్గురు న్యాయమూర్తులు కలిసి విచారింతురు. సాక్షులను మరల పిలువరు. క్రింది కోర్టు చట్టమును సరిగా అన్వయించినదా యని ముఖ్యముగా చూతురు. క్రిమినలు వ్యాజ్యములో జూరీ నిర్దోషి యని విడిచినవానిపై ప్రభుత్వము అప్పీలు చేయజాలదు. సివిలు వ్యాజ్యములో గెలిచినవానికి రక్ష యేమి? అదియే మన కథ.

సఖారాం గణేశ్ పండిత్ అను భారతీయుడు 1914లో లాస్ ఏంజిలిస్ నగరమున అమెరికా పౌరసత్వము కోరెను. నాటి చట్టము తెల్లవారికిని, ఆఫ్రికా సంతతివారికిని మాత్రమే ఆ హక్కు నిచ్చినది. భారతీయుడు తెల్లవాడు కాడని ప్రభుత్వము వాదించి ఓడినది. అప్పీలు చేయక ఊరకుండినది. పండిత్ ఆ తీర్పును నమ్మి న్యాయవాద వృత్తి చేపట్టెను, అమెరికా స్త్రీని వివాహమాడెను.

1923 ఫిబ్రవరి 19న, భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యములో, భారతీయులు ఆ చట్టము చెప్పిన తెల్లవారు కారని సుప్రీంకోర్టు నిర్ణయించెను. వెంటనే ప్రభుత్వము పూర్వ మిచ్చిన పౌరసత్వములను రద్దుచేయ పూనుకొన్నది. శాన్ ఫ్రాన్సిస్కోలో వర్తకము చేసిన వైష్ణో దాస్ బగాయ్ ఆవిధముగా పౌరసత్వము కోల్పోయి, ఏ దేశమును తనది కాకపోగా, 1928లో ఆత్మహత్య చేసికొనెను. కాగితము పోయిన మనిషికి ఏమి పోవునో దీనివలన తెలియుచున్నది.

పండిత్ మాత్రము ఎదురు నిలిచెను. జిల్లా కోర్టులో గెలిచెను. ప్రభుత్వ మప్పీలు చేయగా, 1926లో తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు కోర్టు ఆయన పక్షముననే తీర్పు చెప్పినది. ఆ తగవు 1914లోనే ఉభయపక్షముల యెదుట తీరినది, ఇక తిరుగదోడరాదని దాని సారాంశము. 1927లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యమును విచారణకు స్వీకరింపలేదు. పిమ్మట ప్రభుత్వము తక్కిన భారతీయులపై నడుపుచున్న వ్యాజ్యములను విరమించుకొన్నది.

ఈ న్యాయము మనకు క్రొత్తది కాదు. ప్రతివాది చెప్పదగిన ఉత్తరములు నాలుగని విజ్ఞానేశ్వరుని మితాక్షర చెప్పును. అందు ప్రాఙ్న్యాయ మొకటి; ఈ విషయమున నేను మున్నే గెలిచితినని చెప్పుట. మన దేశపు 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 11వ సెక్షనును ఇదియే చెప్పుచున్నది.

అయినను ఆ తీర్పు హద్దు నెరుగవలెను. అది భారతీయులకు క్రొత్తగా పౌరసత్వము నీయలేదు. ఆ తలుపు తెరచినది 1946 నాటి చట్టము. అప్పీలు కోర్టు చేసినది చిన్న పని: ప్రభుత్వమును దాని పాత ఓటమికి కట్టివేసినది. కాని ఆ చిన్న పనియే పండిత్ బ్రతుకును నిలిపినది. గెలిచిన సామాన్యుడు నిశ్చింతగా నిద్రపోగలిగిననాడే తీర్పునకు విలువ యని నా అభిప్రాయము.