ఫోన్ రూల్స్ ఎవరు రాస్తారు? అందులో మన మాటకు చోటెక్కడ?

చాలా ఇళ్లల్లో నానీ, దాదీల దగ్గర ఇప్పటికీ బటన్ ఫోనే ఉంటుంది. వాళ్లకు కావాల్సింది రెండే. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేస్తే ఎత్తాలి, బ్యాంకు మెసేజ్ రావాలి. కానీ రీచార్జ్ చేయించబోతే వాడని డేటాకు కూడా డబ్బు కట్టాల్సి వచ్చేది. 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ నిబంధన మార్చింది. కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పనికొచ్చే వోచర్ కనీసం ఒకటైనా ప్రతి కంపెనీ ఇవ్వాలని చెప్పింది. స్పెషల్ వోచర్ల గరిష్ఠ గడువును కూడా 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది.

ఇది రాత్రికి రాత్రి వచ్చిన ఆర్డర్ కాదు. 2024 జూలైలోనే ట్రాయ్ దీనిపై చర్చాపత్రం బయటపెట్టి అందరి అభిప్రాయం అడిగింది. అయితే అలా అడుగుతున్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఎవరి పని ఏమిటి?

ట్రాయ్ 1997 నాటి చట్టంతో ఏర్పడింది. కాల్ చార్జీలు, సేవల నాణ్యత, వినియోగదారుల రక్షణ వంటి వాటిపై ఇది నేరుగా నిబంధనలు చేయగలదు. లైసెన్సులు, స్పెక్ట్రమ్ విషయంలో మాత్రం సిఫార్సు వరకే. తుది నిర్ణయం కేంద్ర ప్రభుత్వ టెలికాం శాఖది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద రూల్స్ రాసేదీ కేంద్రమే. కాబట్టి ఏదైనా కొత్త రూల్ గురించి వింటే ముందు అది ట్రాయ్‌దా, టెలికాం శాఖదా అని చూసుకోవాలి. రెండిటి దారులు వేరు.

ట్రాయ్ ఎలా నడుస్తుంది?

ట్రాయ్ చట్టం సెక్షన్ 11(4) సూటిగా ఒక మాట చెబుతుంది: ఈ సంస్థ తన పనిలో పారదర్శకత పాటించాలి. దాని ప్రకారం మామూలుగా ఇలా జరుగుతుంది.

ముందు సమస్యను వివరించి, ప్రశ్నలతో చర్చాపత్రం విడుదల చేస్తారు. కంపెనీలు, సంఘాలు, మామూలు జనం ఎవరైనా అభిప్రాయం పంపొచ్చు. సాధారణంగా నాలుగు వారాల టైమ్ ఉంటుంది. వచ్చినవాటిని వెబ్‌సైట్‌లో పెడతారు. వాటికి జవాబు చెప్పాలనుకునేవాళ్లకు ఇంకో రెండు వారాలు ఇస్తారు. తర్వాత అందరినీ పిలిచి బహిరంగ చర్చ పెడతారు. చివరికి నిబంధన ఇస్తూ, ఎందుకు ఇలా నిర్ణయించామో వివరణ పత్రం జత చేస్తారు.

కారణం చెప్పకపోతే ఏమవుతుంది?

2015 అక్టోబర్‌లో ట్రాయ్ కాల్ డ్రాప్స్‌పై ఒక నిబంధన తెచ్చింది. మాట్లాడుతుండగా కాల్ కట్ అయితే ఫోన్ చేసినవాళ్లకు కంపెనీ రూపాయి చొప్పున, రోజుకు మూడు రూపాయలకు మించకుండా ఇవ్వాలి. జనానికి సంతోషమే. కానీ కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2016 మే 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చెప్పిన కారణాల్లో పారదర్శకత లోపం ఒకటి. అభిప్రాయాలు అడిగితే చాలదు, వచ్చిన అభ్యంతరాలకు సరైన జవాబు కూడా చెప్పాలన్నది కోర్టు మాట. నియంత్రణ సంస్థలన్నీ ముందు నోటీసిచ్చి, అభిప్రాయాలు విని, కారణాలు చెప్పేలా పార్లమెంటు చట్టం చేస్తే బాగుంటుందని కూడా సూచించింది.

ఇందులో మనకు పాఠం ఉంది. మనకు మేలు చేసే నిబంధన అయినా సరే, పద్ధతి తప్పితే నిలబడదు.

జనం మాట్లాడితే ఫలితం ఉంటుందా?

ఉంటుంది. ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ సమానంగా చూడాలా అన్న ప్రశ్నపై 2015లో ట్రాయ్‌కు 10 లక్షలకు పైగా ఈమెయిల్స్ వెళ్లాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో ఇంకో చర్చాపత్రం వచ్చింది. కొన్ని సైట్లను ఉచితంగా, మిగతావాటిని డబ్బుకు ఇవ్వొచ్చా అన్నది అందులో అడిగారు. ఫేస్‌బుక్ తన 'ఫ్రీ బేసిక్స్' కోసం వినియోగదారులతో ఒకే రకం మెసేజ్‌లు లక్షల్లో పంపించింది. అడిగిన ప్రశ్నలకు అందులో జవాబు లేదని ట్రాయ్ చెప్పింది. 2016 ఫిబ్రవరి 8న అలాంటి వేర్వేరు ధరలను నిషేధించింది. అంటే సంఖ్య ఒక్కటే సరిపోదు, ప్రశ్నకు జవాబు రాయాలి.

ఇంటర్నెట్ బంద్ సంగతి

నెట్ ఆపేస్తే పిల్లల ఆన్‌లైన్ క్లాసు, దుకాణంలో యూపీఐ, విదేశాల్లో ఉన్నవాళ్లతో వీడియో కాల్ అన్నీ ఆగిపోతాయి. కశ్మీర్ బంద్‌పై అనురాధా భసీన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నెట్ ఆపే ఆర్డర్లను ప్రచురించాలని, గడువు లేకుండా ఆపడం కుదరదని స్పష్టం చేసింది. ఆర్డర్ బయట ఉంటేనే కదా దాన్ని కోర్టులో సవాలు చేయగలిగేది! 2024 నవంబర్‌లో వచ్చిన కొత్త రూల్స్‌లోనూ కారణాలు రాసి ఆర్డర్ ప్రచురించాలని ఉంది. ఒక ఆర్డర్ 15 రోజులకు మించకూడదు.

మీరు ఏం చేయొచ్చు?

• ట్రాయ్ వెబ్‌సైట్‌లో చర్చాపత్రాల విభాగం అప్పుడప్పుడు చూడండి. ఇవి ఎక్కువగా ఇంగ్లీష్‌లోనే ఉంటాయి కాబట్టి, ఇంట్లో చదువుకునే పిల్లల సాయం తీసుకోండి.

• పేజీలకు పేజీలు అవసరం లేదు. మీకు సంబంధించిన ప్రశ్న నంబర్ వేసి, మీ ఇంట్లో జరిగే విషయం నాలుగు వాక్యాల్లో రాయండి.

• మీరు పంపింది అందరికీ కనిపిస్తుంది. 2015లో ఈమెయిల్ అడ్రస్‌లతో సహా బయటపెట్టడంతో పెద్ద గొడవే అయింది. అందుకే ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్, ఆధార్ వంటివి రాయకండి.

• టెలికాం శాఖ ముసాయిదా రూల్స్ గెజిట్‌లో వస్తాయి. ఇచ్చిన గడువులోపే అభ్యంతరం పంపాలి.

• కారణాలు తెలియకపోతే ఆర్టీఐ ఉంది. ముఖ్యమైన విధానాలు చేసేటప్పుడు సంబంధిత వాస్తవాలను తామే ప్రచురించాలని 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చెబుతోంది. కేంద్ర శాఖలకు దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, జవాబుకు మామూలుగా 30 రోజులు.

కంపెనీల తరఫున రాయడానికి లాయర్లు ఉన్నారు. నానీ తరఫున రాయాల్సింది మాత్రం ఇంట్లోవాళ్లే.